కాలువ నీటి లెక్క: సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో వ్యవసాయ విద్యార్థుల తొలి పాఠాలు

వ్యవసాయ పట్టభద్ర విద్యలో మొదటి మూడు సంవత్సరాలు తరగతి గదిలోను, ప్రయోగశాలలోను, కళాశాల క్షేత్రంలోను గడుస్తాయి. నాలుగో సంవత్సరంలో విద్యార్థులు పల్లెకు వెళ్ళి కొన్ని వారాలపాటు రైతుల మధ్య నివసిస్తూ పని నేర్చుకోవలసి ఉంటుంది. దీనినే గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం అంటారు. విద్యార్థుల వాడుకలో ఇది ‘రావెప్’. ఇంతవరకు నేర్చుకున్న శాస్త్రాన్ని రైతుకు అందించడం ఈ కార్యక్రమ లక్ష్యంగా కనిపిస్తుంది గానీ, పల్లెలో అడుగుపెట్టిన మొదటి వారంలోనే విద్యార్థులకు మరొక సంగతి బోధపడుతుంది. రైతు ఒక సిఫారసును కాదన్నప్పుడు ఆ మాట వెనుక సాధారణంగా ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క తెలియకుండా చెప్పిన సలహా ఎంత శాస్త్రీయమైనదైనా పొలం గట్టు దాటి మడిలోకి దిగదు. నాగార్జున సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతాలలో ఆ లెక్క చాలా వరకు నీటితో మొదలవుతుంది.

కార్యక్రమ స్వరూపం

దేశవ్యాప్తంగా వ్యవసాయ కళాశాలల్లో గ్రామీణ అనుభవాన్ని పాఠ్యాంశంగా చేర్చాలని రాంధవా కమిటీ 1992లో సిఫారసు చేసింది. 2015 జూలై 25న భారత వ్యవసాయ పరిశోధన మండలి వ్యవస్థాపక దినోత్సవం సందర్భంగా ‘స్టూడెంట్ రెడీ’ పథకం పాట్నాలో ప్రారంభమైంది. గ్రామీణ అనుభవం ఆ పథకంలో ఒక భాగమైంది. ఐదవ డీన్ల కమిటీ రూపొందించిన ప్రణాళిక ప్రకారం ఇది 20 వారాల కార్యక్రమం. ఇందులో ఒక వారం పరిచయ శిక్షణ, 8 వారాల గ్రామ నివాసం, 5 వారాలు పరిశోధన స్థానం లేదా కృషి విజ్ఞాన కేంద్రంలో పని, 2 వారాలు మొక్కల వైద్యశాల, 3 వారాలు వ్యవసాయాధారిత పరిశ్రమలో శిక్షణ, చివరి వారం నివేదిక సమర్పణ ఉంటాయి. గ్రామ నివాస కాలంలో ఒక్కొక్క విద్యార్థిని ఒక్కొక్క రైతుకు జతచేస్తారు. దుక్కి నుంచి మొదలుకొని ఆ రైతు చేసే ప్రతి పనిలోను పాలుపంచుకొని, పెట్టుబడిని, కూలీల వినియోగాన్ని, వాడిన ఎరువులను రోజువారీగా నమోదు చేయడం విద్యార్థి బాధ్యత.

ఎడమ కాలువ ఆయకట్టు ప్రాంతంలో ఈ శిక్షణకు అనువైన సంస్థలు ఉన్నాయి. ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన కంపాసాగర్ పరిశోధన స్థానం, అక్కడి కృషి విజ్ఞాన కేంద్రం మిర్యాలగూడ వైపు ఉన్నాయి. సూర్యాపేట జిల్లాలో గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. తెలంగాణలో సుమారు 5,000 ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణ అధికారి ఉండేలా క్లస్టర్లు ఏర్పాటు చేసి, క్లస్టరుకొక రైతు వేదిక నిర్మించారు. విద్యార్థులు ఊరి రైతులను తొలిసారి కలుసుకోవడానికి ఈ వేదికలు ఉపయోగపడతాయి.

మొదట తెలుసుకోవలసినది కాలువ

నాగార్జున సాగర్‌కు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. లాల్ బహదూర్ కాలువ అనే పేరుగల ఎడమ కాలువ హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, మునగాల, కోదాడ ప్రాంతాలకు నీరందిస్తూ ఖమ్మం జిల్లాలోని పాలేరు జలాశయం వైపు సాగిపోతుంది. సూర్యాపేట పట్టణ పరిసరాల్లో మాత్రం మూసీ ప్రాజెక్టు, శ్రీరాంసాగర్ రెండో దశ కాలువలు ముఖ్యమైనవి. అందువల్ల ఒకే జిల్లాలో రెండు మండలాలకు పంపిన విద్యార్థులు రెండు వేర్వేరు నీటి వ్యవస్థలను చూడవలసి వస్తుంది.

ఆయకట్టు అన్న మాట వినగానే నిత్యం నీరు పారే నేల అని విద్యార్థులు భావించడం సహజం. వాస్తవం అంత సరళంగా ఉండదు. 2023-24లో కృష్ణా నదికి వరద సరిగా రాకపోవడంతో యాసంగిలో ఎడమ కాలువ ఆయకట్టుకు సాగునీరు అందలేదు. 2024 ఆగస్టులో జలాశయం నిండి కాలువ పారింది. అయితే సెప్టెంబరు మొదట్లో కురిసిన భారీ వర్షాలకు నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం వద్ద కాలువకు గండి పడింది. ఏడాది తిరగకుండానే నీరు లేక ఒక పంట పోయింది, నీరు ఎక్కువై మరో పంటకు ముప్పు వచ్చింది. ఈ అనుభవం ఉన్న రైతు ముందు నిలబడి ‘సకాలంలో నాట్లు వేయాలి’ అని చెప్పే విద్యార్థికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒక్కటే: ‘నీళ్లు ఎప్పుడొస్తయి సారూ?’

ఈ ప్రశ్నకు సమాధానం విద్యార్థి దగ్గర ఉండదు. కానీ దానిని తన పుస్తకంలో మొదటి పేజీలో రాసుకున్నవారికి మిగిలిన పని సులభమవుతుంది. తమ రైతు పొలం ఏ మేజరు కాలువ కింద ఉంది, తూముకు పైన ఉందా చివర ఉందా, బోరు ఆసరా ఉందా లేదా, సొంత భూమా కౌలు భూమా అన్న నాలుగు వివరాలు తెలిస్తే, ఏ సిఫారసు ఆ పొలానికి పనికివస్తుందో చాలా వరకు తేలిపోతుంది.

నేల మీద గీసిన ఊరు

గ్రామ నివాసంలో తొలి ముఖ్య కార్యక్రమం భాగస్వామ్య గ్రామీణ సమీక్ష. రచ్చబండ దగ్గరో పాఠశాల ఆవరణలోనో ముగ్గు, రంగులు, రంపపు పొట్టు వంటి వస్తువులతో ఊరి సామాజిక పటాన్ని, వనరుల పటాన్ని గ్రామస్థుల చేతనే గీయిస్తారు. ఊరిని ఒక చివర నుంచి మరొక చివర వరకు నడిచి, నేలలు, పంటలు, వాలు మారే తీరును నమోదు చేస్తారు. ఋతువుల పట్టిక, సమస్యల ప్రాధాన్య పట్టిక, ఏ సంస్థ ప్రజలకు ఎంత దగ్గరగా ఉందో వృత్తాలతో చూపే చిత్రం కూడా ఇందులో భాగమే.

ఈ పటాలను అందంగా గీసి మార్కులు తెచ్చుకోవడం తేలిక. అయితే ముగ్గు విద్యార్థుల చేతిలో ఉన్నంతసేపు పటంలో ఇళ్లు, గుడి, బడి, రోడ్డు మాత్రమే కనిపిస్తాయి. అదే ముగ్గు రైతుల చేతికి, ముఖ్యంగా నాట్లు వేసే మహిళల చేతికి ఇచ్చినప్పుడు పటం మారుతుంది. చివరి మడికి నీరందని పిల్ల కాలువ, వానాకాలంలో బండి దిగబడే డొంక, మురుగు పోక ఉప్పు తేలే చౌడు చెలక వంటివి అప్పుడే పటంలోకి వస్తాయి. పైకి ఒకే గ్రామంగా కనిపించే ఊరిలో తూము దగ్గరి రైతుకు, చివరి రైతుకు మధ్య ఉన్న దూరం ఆ పటంలో స్పష్టమవుతుంది. సమస్యల ప్రాధాన్య పట్టికలో పురుషులు నీటిని మొదట పెడితే, మహిళలు కూలి పని దినాలను మొదట పెట్టే అవకాశం ఉంది. రెండు పట్టికలను విడివిడిగా తయారు చేసిన బృందానికి ఈ తేడా అందుతుంది. అందరినీ ఒకేచోట కూర్చోబెట్టి అడిగిన బృందానికి అందదు.

హెక్టారు నుంచి ఎకరాకు, లీటరు నుంచి ట్యాంకుకు

తొలి వారాల్లో విద్యార్థులను తడబాటుకు గురిచేసే మరో విషయం కొలతలు. పాఠ్యపుస్తకంలో మోతాదులు హెక్టారుకు కిలోగ్రాముల పోషకాల్లో ఉంటాయి. రైతు అడిగేది ఎకరాకు ఎన్ని బస్తాలు అని. హెక్టారుకు 120 కిలోల నత్రజని అంటే ఎకరాకు 48 కిలోలు. 50 కిలోల డీఏపీ బస్తా ఒకటి దమ్ములో వేస్తే అందులో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం అందుతాయి. మిగిలిన 39 కిలోల నత్రజనికి యూరియా వేయాలి. 2018 నుంచి యూరియా బస్తా 50 కిలోలకు బదులు 45 కిలోలు ఉంటోంది. ఒక్కొక్క బస్తాలో సుమారు 20.7 కిలోల నత్రజని ఉంటుంది. అంటే ఎకరాకు రెండు బస్తాలకు కొంచెం తక్కువ సరిపోతుంది. ఈ మాత్రం లెక్కను రైతు ముందు తడుముకోకుండా చెప్పగలగడం విద్యార్థి మీద నమ్మకానికి పునాది.

పురుగుమందుల విషయంలోనూ ఇంతే. లీటరు నీటికి ఇన్ని మిల్లీలీటర్లు అని సిఫారసు చెబుతుంది. రైతు దగ్గర ఉన్నది 16 లీటర్లో 20 లీటర్లో పట్టే ట్యాంకు. ట్యాంకుకు ఎంత, ఎకరాకు ఎన్ని ట్యాంకులు అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పకపోతే మోతాదు చెప్పినట్లే కాదు. ట్యాంకుల సంఖ్య తగ్గితే మందు మొక్క మొదలు వరకు చేరదు. చిక్కదనం పెంచితే ఖర్చు, ప్రమాదం రెండూ పెరుగుతాయి.

ఇదే సందర్భంలో ఎరువుల వాడకంలోని ఒక అలవాటును విద్యార్థులు గమనించగలుగుతారు. వరి నాటిన మూడు నాలుగు వారాలకు కాంప్లెక్సు ఎరువును పైపాటుగా చల్లడం చాలాచోట్ల కనిపిస్తుంది. భాస్వరాన్ని దమ్ములోనే వేయాలని, పైపాటుగా వేస్తే పైరుకు ఆశించిన మేలు చేయదని శాస్త్రవేత్తలు చెబుతూ వస్తున్నారు. అయినా అలవాటు కొనసాగడానికి కారణం అడిగితే, కాలువ ఎప్పుడు వస్తుందో తెలియక నాటు హడావుడిలో ఎరువు సమకూరలేదన్న సమాధానం రావచ్చు. అక్కడ కావలసింది కాంప్లెక్సు వేయవద్దన్న ఉపన్యాసం కాదు. నీటి విడుదలకు ముందే డీఏపీ ఇంటికి చేర్చుకునేలా గుర్తుచేయడం, పైపాటుకు యూరియా, అవసరాన్నిబట్టి పొటాష్ మాత్రమే చాలని లెక్క వేసి చూపడం.

కాలిబాటలు: కాదన్న మాట వెనుక

వరిలో విద్యార్థులు ఎక్కువగా చేపట్టే పద్ధతి ప్రదర్శనల్లో కాలిబాటలు ఒకటి. నాట్లు వేసేటప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల బాటను తూర్పు పడమరలుగా వదలాలి. గాలి, వెలుతురు బాగా తగిలి సుడిదోమ ఉద్ధృతి తగ్గుతుంది. ఆ దోమ దుబ్బు మొదట్లో ఉండి రసం పీలుస్తుంది కాబట్టి, బాటలో నడుస్తూ మందును మొదళ్లకు తగిలేలా పిచికారి చేయవచ్చు.

రైతు అభ్యంతరం వెంటనే వస్తుంది. 220 సెంటీమీటర్లలో 20 వదిలితే పొలంలో దాదాపు 9 శాతం ఖాళీ అయినట్లే గదా అన్నది ఆయన లెక్క. ఆ అంకె సరైనదే. దానిని తోసిపుచ్చకుండా, బాట అంచున ఉన్న దుబ్బులకు వెలుతురు ఎక్కువగా అంది పిలకలు బాగా వేస్తాయని, ఆ దిగుబడి ఖాళీని చాలా వరకు పూడుస్తుందని, దోమ వచ్చిన ఏడాది మందు ఖర్చు తగ్గుతుందని పొలంలో చూపవలసి ఉంటుంది. రెండో అభ్యంతరం కూలీల నుంచి వస్తుంది. ఎకరాకు గుత్తగా నాట్లు ఒప్పుకున్న ముఠాకు తాడు పట్టుకొని బాటలు వదలడం అదనపు పని. గుత్త ధర మాట్లాడుకునే నాడే బాటల సంగతి చెప్పకపోతే, నాటు రోజున రైతు ఒప్పుకున్నా పని జరగదు. అందువల్ల ఈ ప్రదర్శన విజయం రైతుతో పాటు ముఠా మేస్త్రీ మీద కూడా ఆధారపడుతుంది. విస్తరణ పాఠ్యపుస్తకంలో మేస్త్రీకి చోటు తక్కువ. పొలంలో ఆమె మాటకు విలువ ఎక్కువ.

ఒకే మడిలో సగం బాటలతో, సగం బాటలు లేకుండా నాటించడం ఇటువంటి చోట మంచి మార్గం. 1903లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో సీమన్ నాప్ ఒక రైతు సొంత పొలంలోనే, ఆ రైతు చేతనే కొత్త పద్ధతులను అమలు చేయించి చూపడం విస్తరణ చరిత్రలో ఒక మలుపుగా చెబుతారు. ప్రభుత్వ క్షేత్రంలో చూసినదానికంటే తోటి రైతు పొలంలో చూసినదాన్ని రైతు త్వరగా నమ్ముతాడన్నది అక్కడి నుంచి వచ్చిన పాఠం. మిర్యాలగూడ మడిలోనూ ఆ పాఠం చెల్లుతుంది.

ఆరుతడికి నమ్మకం కావాలి

వరి పొలంలో ఎప్పుడూ నీరు నిండుగా ఉండనవసరం లేదని విద్యార్థులు చదువుకొని వస్తారు. పిలకలు వేసే దశలో నీటిని తీసి ఆరబెట్టి మళ్లీ పెట్టవచ్చు. పూత నుంచి గింజ పాలుపోసుకునే వరకు మాత్రం తడి తగ్గకూడదు. రంధ్రాలు చేసిన ప్లాస్టిక్ గొట్టాన్ని మడిలో పాతి, లోపలి నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల దిగువకు చేరినప్పుడు తిరిగి తడి ఇచ్చే విధానాన్ని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసింది. దీనివల్ల నీరు గణనీయంగా ఆదా అవుతుంది.

కాలువ చివరి రైతుకు ఈ సలహా వింతగా వినిపిస్తుంది. వంతులవారీగా నీరు వచ్చే చోట, వచ్చిన రోజు ఒడ్లు నిండా పట్టుకోవడమే ఆయనకు తెలిసిన భద్రత. తర్వాతి తడి అనుకున్న రోజుకు వస్తుందన్న నమ్మకం లేనివాడు మడిని ఆరబెట్టడు. ఇది అజ్ఞానం కాదు, ముందుచూపు. ఆరుతడి విధానానికి శాస్త్రం ఒక్కటే చాలదు, నీటి సరఫరా మీద నమ్మకం కూడా కావాలి. ఈ సంగతి గ్రహించిన విద్యార్థులు ప్రదర్శన గొట్టాన్ని చివరి భూముల్లో కాకుండా, బోరు ఆసరా ఉన్న పొలంలో గానీ తూముకు దగ్గరి పొలంలో గానీ పాతుతారు. పై రైతు ఆదా చేసిన నీరే కింది రైతుకు చేరుతుంది కనుక, ఆ ఎంపిక న్యాయపరంగా కూడా సరైనది. సాగునీటి యాజమాన్యంలో రైతులకు భాగం కల్పించే చట్టం 1997లోనే వచ్చింది. ఆ చట్టం స్ఫూర్తి ఒక మడిలో ఎలా ఉంటుందో విద్యార్థికి ఇక్కడ అర్థమవుతుంది.

రకం ఎంపికలో మిల్లు పాత్ర

కాలువకు నీరు ఆలస్యమైతే స్వల్పకాలిక రకాలు మేలన్నది స్థిరమైన సిఫారసు. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి సుమారు 150 రోజుల పంట. రాజేంద్రనగర్ వరి పరిశోధన కేంద్రం రూపొందించిన తెలంగాణ సోన సుమారు 125 రోజుల్లో కోతకు వస్తుంది. ఆగస్టులో నీరు వచ్చే ఏడాది ఈ 25 రోజుల తేడా యాసంగి నారుమడి మీద కూడా ప్రభావం చూపుతుంది.

అయితే మిర్యాలగూడ ప్రాంతంలో రకాన్ని నిర్ణయించేది రోజుల లెక్క ఒక్కటే కాదు. ఈ పట్టణం చుట్టూ బియ్యం మిల్లులు పెద్దసంఖ్యలో ఉన్నాయి. యంత్రంతో కోసిన పచ్చి వడ్లను ఆరబెట్టకుండా నేరుగా మిల్లుకు తరలించి అమ్మడం ఇక్కడి రైతులకు అలవాటు. మిల్లరు ఏ సన్న రకానికి మంచి ధర పెడతాడో ఆ రకం విత్తనానికే గిరాకీ ఉంటుంది. విశ్వవిద్యాలయం సూచించిన రకాన్ని రైతు ఎందుకు ఎంచుకోలేదో తెలియాలంటే విద్యార్థి పొలం నుంచి మిల్లు గేటు వరకు ధాన్యం ట్రాక్టరు వెంట వెళ్ళాలి. వ్యవసాయాధారిత పరిశ్రమలో గడిపే 3 వారాలను ఈ ప్రాంతంలో బియ్యం మిల్లుకు కేటాయిస్తే, గింజ పొడవు, తేమ, నూక శాతం వంటివి ధరగా ఎలా మారుతాయో విద్యార్థి స్వయంగా చూడగలుగుతాడు.

మొక్కల వైద్యశాల, మందుల దుకాణం

పైరు నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకులపై తుప్పు రంగు మచ్చలు కనిపించి, మొక్కలు గిడసబారితే అది జింకు లోపం కావచ్చు. రైతు దానిని తెగులుగా భావించి తెగులు మందు కొడితే డబ్బు, సమయం రెండూ పోతాయి. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి పిచికారి చేయడం అక్కడ కావలసిన చికిత్స. మొక్కల వైద్యశాలలో గడిపే రెండు వారాల్లో ఇటువంటి తేడాలను గుర్తించడం విద్యార్థులకు అలవడుతుంది. కవరులో తెచ్చిన ఒక్క ఆకును చూసి మందు రాయకుండా, పొలం మొత్తం ఎలా ఉంది, మచ్చలు ఎక్కడ మొదలయ్యాయి, దమ్ములో ఏమి వేశారు అని అడగడం ఆ శిక్షణలో ముఖ్యాంశం.

రైతు తొలుత వెళ్ళేది మాత్రం చాలా సందర్భాల్లో మందుల దుకాణానికే. దుకాణదారు ఉద్దెర ఇస్తాడు, పొద్దుపోయినా అందుబాటులో ఉంటాడు, పేరు పెట్టి పిలుస్తాడు. అతని సలహాను తేలిగ్గా కొట్టివేసే విద్యార్థి రైతుకు ఆ మూడింటిలో ఒక్కటీ ఇవ్వలేడు. దుకాణదారులకే వ్యవసాయ విజ్ఞానం అందించాలన్న ఉద్దేశంతో హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లో డిప్లొమా కోర్సు ప్రారంభించింది. విద్యార్థులు దుకాణదారును పోటీగా కాకుండా పొలంబడి సమావేశానికి అతిథిగా పిలవడం ప్రయోజనకరం.

కాలువ క్యాలెండరుకు అనుగుణంగా

ఈ తొలి అనుభవాల నుంచి కార్యక్రమ నిర్వహణకు కొన్ని సూచనలు వెలువడతాయి.

మొదటిది, గ్రామ నివాసం 8 వారాలే. వరి పంట కాలం అంతకు రెట్టింపు. కాలువ నీరు ఆగస్టులో వస్తే, జూలైలో ఊరికి చేరిన విద్యార్థి నారుమడి, నాట్లు చూసి వెళ్ళిపోతాడు. సుడిదోమ, మెడవిరుపు, కోత, అమ్మకం అతని కంటపడవు. ఆయకట్టు గ్రామాల్లో ఈ 8 వారాలను రెండు విడతలుగా విభజించి, ఒకటి నాట్ల కాలానికి, రెండోది పూత నుంచి కోత వరకు కేటాయించే అవకాశాన్ని కళాశాలలు పరిశీలించవచ్చు.

రెండవది, ఒకే కాలువ కింద తూము దగ్గరి గ్రామానికి ఒక బృందాన్ని, చివరి గ్రామానికి మరొక బృందాన్ని పంపి, వారి నమోదులను పక్కపక్కన ఉంచి చర్చించాలి. ఒకే సిఫారసు ఒకచోట నిలిచి మరోచోట ఎందుకు వీగిపోయిందో అప్పుడు తెలుస్తుంది.

మూడవది, రైతులు స్వీకరించిన సిఫారసుల జాబితాతో పాటు, స్వీకరించని సిఫారసులను, వాటికి రైతు చెప్పిన కారణాలను కూడా విద్యార్థి నివేదికలో విధిగా చేర్చాలి. నీరు, కూలీలు, అప్పు, కౌలు, మార్కెట్ అన్న శీర్షికల కింద ఆ కారణాలను వర్గీకరించి పరిశోధన స్థానానికి పంపితే, తర్వాతి ప్రయోగాలకు అవి విలువైన సమాచారం అవుతాయి.

ప్రదర్శన విఫలమైతే విద్యార్థికి పోయేది కొద్ది మార్కులు. రైతుకు పోయేది నాలుగు నెలల శ్రమ, పెట్టుబడి; కౌలు రైతుకైతే వీటికి కౌలు బాకీ కూడా తోడవుతుంది. ఈ తేడా ఎరిగిన విద్యార్థి ఎకరం మొత్తానికి కాకుండా మొదట పది గుంటలకు సలహా ఇస్తాడు, ఫలితం చూశాక మిగతాది రైతుకే వదిలేస్తాడు. రేపు విస్తరణ అధికారిగానో శాస్త్రవేత్తగానో మళ్లీ ఇటువంటి ఊరికే వచ్చినప్పుడు, సిఫారసు చెప్పడానికి ముందు ‘మీ మడికి నీళ్లు ఎప్పుడొస్తయి?’ అని తానే అడగగలిగితే, గ్రామీణ కృషి అనుభవం తన పని తాను చేసినట్లే.